కట్టుబడి ఉంటానని రాసిచ్చిన ఉత్తరం

పోయిన వారం ఒక మధ్యాహ్నం, ఓపీలో జనం పలచబడ్డాక, మా క్లినిక్కులో కొత్తగా చేరిన వరంగల్ అమ్మాయి నా పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుని, సెలవు దరఖాస్తు నింపాను చూడమంటూ ఫోను నా మొహం ముందు పెట్టింది. ఈ కాలంలో సెలవు దరఖాస్తంటే కాగితమూ కలమూ ఏమీ లేవు కదా, పేరు, ఇకామా అనే ఇక్కడి నివాస కార్డు నంబరు, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా, అంతే. నేను కళ్ళజోడు సవరించుకుని చివరిదాకా చదివాను. చిట్టచివర చిన్న అక్షరాలతో ఒక వాక్యం, దాని పక్కన ఒక గడి, ఆ గడిలో ఆ పిల్ల అప్పటికే కొట్టేసిన టిక్కు. యాజమాన్యం తీసుకునే నిర్ణయానికి నేను ‘అబైడ్ బై’ అవుతానని ఒప్పుకుంటున్నట్టు ఆ వాక్యం. ఇది చదివే కొట్టావా అమ్మా అని అడిగితే పకపకా నవ్వింది. “గదంత ఎవలు చదువుతరు మేడం? టిక్కు కొట్టకుంటె ముందలికి పోదు గద!”

నిజమే, పోదు. అంతా బాగానే నింపావని చెప్పి ఫోను తిరిగిచ్చేశాను గాని, ఆ పూటంతా నా మనసు మనసులో లేదు. ముగ్గురు పేషెంట్లకు బీపీ చూసి రాసుకోవడం మరిచిపోయి, మళ్ళీ పిలిచి చూడవలసి వచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా ఈ అరబ్బు దేశంలో తెల్లకోటు వేసుకుని తిరుగుతున్నదాన్ని, రేపో మాపో ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి పోవలసినదాన్ని, రెండు ముక్కల ఇంగ్లీషు మాటకి ఇంత బెంబేలు పడటమేమిటని మీరనుకోవచ్చు. ఆ రెండు ముక్కలే మా ఇంట్లో ఒక తల్లికీ కూతురికీ ఆఖరి చూపు లేకుండా చేశాయి. వాటిని కాగితం మీద పెట్టిన చెయ్యి నాది. మన ఈడువాళ్ళలో ఇంగ్లీషు మాస్టారి చేత బెత్తం దెబ్బ తిననివాళ్ళు ఉండరు గనక, నా గొడవ మీకు అర్థమవుతుందన్న ధైర్యంతో రాస్తున్నాను.

మా నాన్నగారు నరసాపురం దగ్గర ఒక మిషను స్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. ఆయనకి ఇంగ్లీషంటే ఉద్యోగం కాదు, భక్తి. ఆదివారం చర్చికి వేసుకెళ్ళే ఇస్త్రీ చొక్కాతోనే సోమవారం తొమ్మిదో తరగతిలో క్రియాపదాలు చెప్పేవారు. ఒక్కొక్క మాటనీ దాని చుట్టాలతో సహా పరిచయం చేయడం ఆయన పద్ధతి. ‘అగ్రీ’ అంటే నోటితో ఒప్పుకోవడం, ‘ఒబే’ అంటే పెద్దవాళ్ళకి భయపడి చెప్పింది చెయ్యడం, ‘అబైడ్ బై’ మాత్రం వేరు, అది మనకి నచ్చినా నచ్చకపోయినా, నష్టమొచ్చినా, ఇచ్చిన మాట దగ్గర కదలకుండా నిలబడటం అనేవారు. మనుషులకి అబైడ్ బై ఉండరు, నిబంధనకి ఉంటారు, ఒప్పందానికి ఉంటారు, తీర్పుకి ఉంటారు, వాగ్దానానికి ఉంటారు అని వేళ్ళు మడుస్తూ చెప్పి, ఇది బజార్లో వాడే మాట కాదర్రా, కాగితం మీద వాడే మాట, పెద్దమనిషి మాట అని ముగించేవారు. ఒకసారి వాలీబాల్ ఆటలో అంపైరు మీదికి పోట్లాటకి వెళ్ళిన మగపిల్లలందర్నీ వరసగా నిలబెట్టి, అంపైరు నిర్ణయానికి అబైడ్ బై ఉంటామని యాభైసార్లు రాయించారు. ఆటలో లేని ఆడపిల్లలం, మేమూ రాశాం. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికుంది!

అదే మాటని ఆయన అర్జీల్లో మటుకు మరోలా వాడేవారు. మా వీధి అరుగు మీద సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒకరు తెల్లకాగితం పట్టుకుని సిద్ధంగా ఉండేవారు. గాలివానకి ఇల్లు కూలిందని, కాలవ గట్టున దీపం లేదని, కూతురికి బదిలీ కావాలని, ఏ అర్జీ అయినా నాన్నగారి చివరి వాక్యం ఒక్కటే, తమరు ఏ నిర్ణయం తీసుకున్నా దానికి నేను కట్టుబడి ఉంటాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఆయన నమ్మకం. పై అధికారి కాగితం చదివి కిందికొచ్చేసరికి ఆయన మనసు మెత్తబడాలి, ఇంత తలవంచినవాణ్ణి ఎలా కాదంటాం అనుకోవాలి. చిత్రమేమిటంటే సగానికి సగం అర్జీలు ఫలించేవి, మాస్టారి అర్జీ అంటే తాలూకాఫీసులో కుర్చీ వేసేవారని చెప్పుకునేవారు. పొద్దున్న బళ్ళో అంత కఠినంగా అర్థం చెప్పిన మాటని సాయంత్రం అరుగు మీద దండం పెట్టినంత తేలిగ్గా ఎలా వాడుతున్నారని నేను ఏనాడూ అడగలేదు. ఆయనకీ తోచి ఉండదు.

మా అమ్మ ఆరోగ్యం అంతంత మాత్రం కావడంతో నేను సగం పెద్దమ్మ చేతుల్లోనే పెరిగాను. పెద్దమ్మ మిషను ఆసుపత్రిలో ఆయా. పెదనాన్న పోయాక ఆ ఆయా పని మీదే ఇద్దరు పిల్లల్ని పెంచి, కూతుర్ని నర్సింగు చదివించింది. ఆ కూతురే మా అక్క. నాకంటే అయిదేళ్ళు పెద్దది, కోపం వస్తే గట్టిగా కేకలేసి మరుక్షణం అన్నం కలిపి పెట్టే రకం. ముందు తను దమ్మామ్ వచ్చి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కుదురుకుని, రెండేళ్ళు తిరక్కుండానే వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి నన్నూ రప్పించింది. విమానం దిగిన రోజున ఆ వేడిగాలి మొహానికి కొట్టేసరికి నేను ఏడుపు మొదలుపెడితే, ఏటే, ఏడుపు గొట్టుదానా, నీకోసవని కొర్రమీను పులుసొండాను, ముందది తిని ఏడువు అని గదికి లాక్కుపోయింది. వార్డులో అక్క పనికి తిరుగు లేదు. అరబ్బీ ముసలమ్మలతో వాళ్ళ భాషలోనే పరాచికాలాడేది. రాయడమంటే మాత్రం దానికి ఒణుకు. మందుల చార్టు దాటి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయాలంటే, ఇంజెక్షను చూసిన చంటిపిల్ల మొహం పెట్టేది.

అందుకని హాస్టల్లో ఉత్తరాలు రాసే పని నా నెత్తిన పడింది. పడిందంటే, నేనే ఎగబడి నెత్తిన పెట్టుకున్నాను లెండి. అప్పట్లో సెలవు కావాలన్నా, డ్యూటీ మార్చుకోవాలన్నా, పోయిన ఐడీ కార్డు మళ్ళీ ఇమ్మన్నా, గీతల్లేని తెల్లకాగితం మీద ఇంగ్లీషులో ఉత్తరం రాసి మేట్రనుకి ఇవ్వాలి. శుక్రవారం మధ్యాహ్నం, గదిలో గొంతు తగ్గించి ప్రార్థన చేసుకుని, భోజనాలయ్యాక, గుంటూరు వాళ్ళూ, ఏలూరు వాళ్ళూ, కాకినాడ వాళ్ళూ నా మంచం చుట్టూ చేరేవారు. ఒకావిడ ఎండురొయ్యల పొడి సీసా తెచ్చేది, ఒకావిడ కాకరకాయ కారం తెచ్చేది. నేను మాస్టారి కూతురినన్న గీర కొద్దీ కలం మూత తీసి, గౌరవనీయులైన అయ్యా అని మొదలుపెట్టి, నాన్నగారి వాక్యంతోనే ముగించేదాన్ని. మామూలు సెలవులు గనక అవి ఎలాగూ వచ్చేవి. మా వాళ్ళు మాత్రం ఆ చివరి వాక్యం వల్లే వస్తున్నాయనుకున్నారు. ఆ లైను పెట్టావా, ఆ లైను మర్చిపోకే అని గుమ్మం దాటుతూ కూడా హెచ్చరించేవారు. పోనీ వాళ్ళు అమాయకులు, నాకేం వచ్చింది? నేనూ నమ్మాను.

నేను వచ్చిన నాలుగో ఏట పెద్దమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది, మాట ముద్దగా వస్తోందని తమ్ముడు, అంటే అక్క సొంత తమ్ముడు, ఉత్తరం రాశాడు. దాని వెనకే రెండోసారి వచ్చిందని, వెంటనే బయల్దేరమని టెలిగ్రాము. అది అక్క చేతికి వార్డులో అందింది. హాస్టలు దాటనిచ్చే శుక్రవారం కాకపోయినా మేము అనుమతి అడిగి, వీధి చివర బూత్ నుంచి ఊళ్ళో పాస్టరుగారింటికి ఫోను చేశాం. పది నిమిషాలాగి మళ్ళీ చేస్తే తమ్ముడు రొప్పుతూ వచ్చి ఎత్తాడు. అమ్మ కళ్ళు తెరుస్తోందట, గుమ్మం వైపు చూస్తోందట, అక్కేది అక్కేది అంటోందట. డాక్టరుగారు రోజులే గాని వారాలు చెప్పలేనన్నారట. అక్క రిసీవరు నా చేతిలో పెట్టి, ఆ బూత్ అద్దానికి నుదురు ఆనించి అలాగే నిలబడిపోయింది. మా అక్క కన్నీళ్ళు పెట్టుకోవడం నేను చూసింది అదే మొదటిసారి.

ఇప్పటిలా బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయే రోజులు కావు. పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో ఉంటుంది, దేశం దాటి మళ్ళీ రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ ముద్ర పడాలంటే పర్సనెల్ ఆఫీసరు సంతకం కావాలి, ఆయన సంతకం పెట్టాలంటే ఉత్తరం కావాలి. పైగా ‘తల్లికి సీరియస్, వెంటనే బయల్దేరు’ అనే టెలిగ్రాములు ఆ ఆఫీసులో కుప్పలుగా పడి ఉండేవి. పెళ్ళికి వెళ్ళాలన్నా, ఇంటి మీద గాలి మళ్ళినా, జనం ఊరికి రాసి అలాంటిదొకటి తెప్పించుకునేవారు. ఒకే మనిషికి ఒకే తల్లి రెండుసార్లు చనిపోయిన కథలు చెప్పుకుని మేమే నవ్వుకునేవాళ్ళం. అందుచేత నిజమైన టెలిగ్రాముకి కూడా విలువ లేకుండా పోయింది. మాది నిజమని ఆయనకి తెలియాలంటే ఉత్తరం అందరి ఉత్తరంలా ఉండకూడదు, చాలా మర్యాదగా, చాలా ఒద్దికగా ఉండాలని నేను తీర్మానించుకున్నాను.

ఆ సాయంత్రం అక్క నా మంచం మీద కూర్చుని తనే చెప్పడం మొదలుపెట్టింది. “రాయవే, మాయమ్మ సచ్చిపోతందని రాయి. నేనెల్లాలని రాయి. పంపకపోతే ఈ ఉద్యోగం నాకొద్దని, పాస్‌పోర్టు ఇచ్చెయ్యమని రాయి.” నేను కలం పట్టుకుని, నాలుక చప్పరించి, అలా రాయకూడదే అక్కా, అది ఇంగ్లీషు పద్ధతి కాదు, బెదిరించినట్టుంటుంది అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. తల్లి పోతోందన్న మనిషికి నేను పద్ధతి నేర్పాను. అక్క చెప్పిన ఒక్క మాట కూడా పెట్టకుండా, మా తల్లిగారి ఆరోగ్యం క్షీణించినందున తమరు దయతో పరిశీలించవలసిందని, తమ అనుకూలతను బట్టి సెలవు మంజూరు చేయవలసిందని పేజీ నిండా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, తమరి నిర్ణయమేదైనా దానికి నేను అబైడ్ బై ఉంటానని ముగించాను. చదివి వినిపిస్తానంటే, నువ్వు రాశాక నేను సూసేదేటే అని సంతకం పెట్టేసింది.

మర్నాడు మేట్రనమ్మ ఉత్తరం మీద మంచి మాట రాసి ఆఫీసుకి పంపింది. మధ్యాహ్నానికి పిలుపు వచ్చింది. ఆఫీసులో ఇంగ్లీషు మాటకి సాయంగా ఉండాలని అక్క నన్నూ వెంటబెట్టుకెళ్ళింది. పర్సనెల్ ఆఫీసరు చెడ్డవాడని నేను చెప్పను. ఇద్దరినీ కూర్చోమన్నాడు, తల్లికి ఎలా ఉందని అడిగాడు. ఆ తర్వాత, మీ వార్డులో ఇద్దరు ఇప్పటికే సెలవులో ఉన్నారు, వాళ్ళలో ఒకామె మూడు వారాల్లో తిరిగొస్తుంది, ఆమె రాగానే మీరు వెళ్ళవచ్చు, ఇది నా నిర్ణయం అన్నాడు. అక్కకి మూడు వారాలన్న మాట అర్థమైంది. లేచి నిలబడి, నో సార్, మై మదర్ డయింగ్, ఐ గో టుడే అంది. ఆయన విసుక్కోలేదు. ఉత్తరాన్ని బల్ల మీద మావైపు తిప్పి, చివరి వాక్యం కింద ఆకుపచ్చ కలంతో గీత గీసి, నా నిర్ణయమేదైనా కట్టుబడి ఉంటానని మీరే రాసిచ్చారు, మీరే సంతకం పెట్టారు, ఇక మాట్లాడటానికి ఏముంది అన్నాడు.

అప్పుడు నేను నోరు విప్పాలి. అది మావైపు మర్యాద కోసం పెట్టే మాట అని, ఆవిడ చదవకుండా సంతకం పెట్టిందని, రాసింది నేనని చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా. ఆ నెలలోనే నా కాంట్రాక్టు మళ్ళీ రాయవలసి ఉంది, ఆ కాగితం కూడా ఆయన బల్ల మీదికే రావాలి. నాన్నగారు అప్పటికే రిటైరయ్యారు, పింఛను లేదు, కళ్ళూ మందగించాయి, ఇంట్లో నా జీతం తప్ప మరో ఆధారం లేదు. ఇవన్నీ కారణాలే, కాదనను. అసలు సంగతి మాత్రం నాకు భయం వేసింది, అంతే. ఇది మీ చేతిరాతేనా అని ఆయన అక్కని అడిగాడు. అక్క ఒకసారి నావైపు చూసింది. నేను తల వంచుకుని బల్ల కాలు చూస్తున్నాను. “నా సైనే సార్,” అంది అక్క.

బయటికొచ్చాక, పై అంతస్తులో ఉండే తమిళ సిస్టరు మమ్మల్ని పట్టుకుంది. తన తండ్రి పోయినప్పుడు తను ఆఫీసు గుమ్మంలో బైఠాయించి, అన్నం మానేసి, రెండో రోజుకి పాస్‌పోర్టు పుచ్చుకుని వెళ్ళిందట. నువ్వూ కూర్చో, మేమందరం కూర్చుంటాం అని అక్కకి చెప్పింది. మేట్రనమ్మ కూడా చూసీ చూడనట్టు ఉంటానంది. అక్క వినలేదు. “సంతకం ఎట్టాను కదండీ, కట్టుబడుంటానన్నాను కదండీ. ఇప్పుడు కాదంటే రేపు మన నర్సు పిల్లల మాట ఎవడు నమ్ముతాడు?” అని డ్యూటీకి వెళ్ళిపోయింది. చూశారా, నాన్నగారు బెత్తం పట్టుకుని చెప్పినా నాకు బుర్రకెక్కని అర్థం, ఆ మాట సరిగ్గా పలకడం కూడా రాని మా అక్కకి వచ్చు. ఆయన చెప్పినట్టే, నష్టమొచ్చినా, మాట దగ్గర కదలకుండా నిలబడింది. నేను ఆ మాటని ఎండురొయ్యల పొడి సీసాకి మారు వాడినదాన్ని.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో వివరంగా రాసే ఓపిక నాకు లేదు. రోజూ డ్యూటీ దిగగానే మేట్రనమ్మని అడిగి బూత్‌కి వెళ్ళేవాళ్ళం. రోజూ తమ్ముడు అదే చెప్పేవాడు, అడుగుతోందే అక్కా, ఎప్పుడొస్తన్నావంటంది. వస్తాను, ఇరవయ్యో తారీఖుకి వస్తాను, అమ్మ చెవిలో చెప్పు అనేది అక్క. ఒకరోజు తమ్ముడు, మాటాడలేకపోతంది గాని వేళ్ళు లెక్కెడతంది అన్నాడు. ఎనిమిదో రోజున పొద్దున వార్డుకే కబురొచ్చింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి అక్క ఒక ముసలామెకి జడ వేస్తోంది. పక్క మీద పడి ఉన్న మనిషి, ఆమెకీ కుడి వైపు రాదు. నన్ను చూసి, తెలిసింది, ఉండు, ఈవిడకి జడేసి వస్తాను అంది. చివరిదాకా అల్లి, కొసని దారంతో కట్టి, దుప్పటి సవరించి, అప్పుడు స్టోర్ రూములోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రోజు ఆ గదిలోంచి వచ్చిన ఏడుపు వార్డంతా విన్నది. ఆ ముసలామె ఒక్కతే ఎడమ చెయ్యి పైకెత్తి తన భాషలో దేవుణ్ణి ఏదో అడుగుతూ ఉండిపోయింది.

ఊళ్ళో ఎండల కాలం, ఆగే వీలు లేదు, ఆ సాయంత్రమే సమాధి చేసేశారు. రెండు వారాల తర్వాత ఆఫీసు చెప్పిన తేదీకి, చెప్పిన మాట తప్పకుండా, పాస్‌పోర్టు ఇచ్చింది. అక్క వెళ్ళి జ్ఞాపకార్థ కూడిక జరిపించి నెల తిరిగేసరికి వచ్చేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆవకాయ తెచ్చింది, మా అమ్మ పంపిన చీర తెచ్చింది, నా గదిలో నా పక్కనే పడుకుంది. తిడితే బాగుండును, నాలుగు తన్ని అన్నం పెడితే బాగుండునని నేను ఎంత కోరుకున్నానో. ఆ తర్వాత అది ఎన్నడూ నా చేత ఉత్తరం రాయించుకోలేదు. ఏం కావాలన్నా తనే పెద్దపెద్ద అక్షరాలతో, ఐ వాంట్ లీవ్, ఐ గో జూన్, అని రెండు ముక్కలు గిలికి ఇచ్చేది. ఇంతా చేసి ఆ గిలుకుడుకీ సెలవులు వచ్చాయి.

నేను కొన్నాళ్ళు నా కలం పాడైందని చెప్పాను, మరి కొన్నాళ్ళు చెయ్యి నొప్పి అన్నాను. మెల్లగా శుక్రవారాలు నా మంచం దగ్గరికి రావడం అందరూ మానేశారు. నాన్నగారికి మాత్రం జరిగిందంతా దాచకుండా రాశాను. ఆయన జవాబులో వానల సంగతి, ఊరి సంగతి, మా అమ్మ మందుల సంగతి రాశారు గాని ఆ మాటే ఎత్తలేదు. కింద ఎప్పుడూ ఉండే ఆశీస్సులూ అవీ కూడా లేవు, ఉత్తరం మధ్యలో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయినట్టు ఆగిపోయింది. ఆ తర్వాత అరుగు మీద అర్జీలు రాయడం ఆయన మానేశారని, కళ్ళు కనపడటం లేదని అందరికీ చెబుతున్నారని మా అమ్మ రాయించింది.

అక్క ఇరవయ్యేళ్ళ కిందటే ఇక్కడ ఉద్యోగం వదిలి ఊరెళ్ళిపోయింది. ఇప్పుడు షుగరు, మోకాళ్ళ నొప్పులు, మనవలు. మొన్న శుక్రవారం, ఇప్పుడు నేనుండే ఖోబర్‌లో, అజీజియా పేట గదిలో ఒక్కదాన్నే కూర్చుని, ఎన్నేళ్ళుగానో దాచుకున్నది ఇక దాచలేక, దానికి ఫోను చేశాను. ముందు మందుల గురించి, మనవడి చదువు గురించి మాట్లాడి, ఆఖరికి చెప్పేశాను, అక్కా, ఆ రోజు ఆ ఉత్తరంలో ఆ లైను పెట్టి నీకు పెద్దమ్మని దక్కనివ్వకుండా చేశాను, నన్ను క్షమించు అని. అవతల మనవణ్ణి బయటికి పంపి తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

“లైనుదేవుందే,” అంది. “మంచికే రాశావు, నాకు తెలీదేటి? సంతకం నాదే. ఆ ఆఫీసులో నీ వేపు సూశాను గుర్తుందా? ఇంగ్లీషొచ్చినదానివి, నువ్వొక్క మాట అంటావేమోనని సూశానంతే.” ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు ఈ రాతే అవసరం ఉండేది కాదు. మళ్ళీ వెంటనే, సరేలే, అన్నం తిన్నావా, ఆ బీపీ మాత్ర ఏసుకో అని పెట్టేసింది.

ఇప్పుడు ఈ దేశంలో ఉత్తరాలు లేవు. పాస్‌పోర్టులు ఎవరి పెట్టెలో వాళ్ళవే ఉంటున్నాయి, ముద్రలన్నీ ఫోనులోనే పడుతున్నాయి. మా క్లినిక్కు పిల్లలకి ఇంటి దగ్గర ఏమైనా అయితే మేనేజరుకి వాయిస్ మెసేజ్ పెట్టేస్తారు. మర్యాదా ఉండదు, వ్యాకరణమూ ఉండదు, సగం ఏడుపు సగం హిందీ. సాయంత్రానికి విమానం ఎక్కుతారు. ఎక్కలేనివాళ్ళకి పోతున్న ప్రాణాన్ని వీడియోలో చూపిస్తున్నారు, వాళ్ళు స్టాఫ్ రూములో ఫోను పట్టుకుని అమ్మా అమ్మా అంటుంటే, పక్కన నిలబడి వీపు నిమరడం నా పనైంది. ఒక్కోసారి ఆ తల్లులు కూతురి గొంతు విని కనురెప్ప కదుపుతారు. పెద్దమ్మకి ఆ మాత్రమూ దక్కలేదు కదా అని ఆ రోజు ఇక నాకు ముద్ద దిగదు.

మన తరం మర్యాద నేర్చుకుంది. పెద్ద పెద్ద మాటలు, వాటి చుట్టాలు, ఏ మాట ఎక్కడ వాడాలో, కాగితం మీద ఎంత వంగాలో, అన్నీ చక్కగా నేర్చుకున్నాం. ఎక్కడ నిటారుగా నిలబడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా తెలుసుకోవలసిన వయసే నాకు. సార్, ఆ మాట నాది, ఆవిడది కాదు, ఆవిడ తల్లి దగ్గరికి వెళ్ళాలి అనడానికి ఎంత ఇంగ్లీషు కావాలి? ఆ మాత్రం ఇంగ్లీషు నాకు అప్పటికే వచ్చు.